సిస్టమ్ కాల్ ఫెయిలైనప్పుడు ఎర్రర్ సరిగ్గా చెప్పడం ఎలా

లాగ్ తెరిస్తే "ఎర్రర్: ఫైల్ ఓపెన్ అవ్వలేదు" అని ఒక్క లైను ఉంటుంది. ఏ ఫైలు? చెప్పదు. ఎందుకు అవ్వలేదు? అదీ చెప్పదు. తమాషా ఏంటంటే ఆ క్షణంలో ప్రోగ్రామ్‌కి రెండూ తెలుసు, ఫైల్ పేరు వేరియబుల్‌లో ఉంది, కారణం కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) నంబర్ రూపంలో చేతిలో పెట్టింది, రాసినవాళ్ళే రెండూ పారేసి ఒక ఉత్త వాక్యం ప్రింట్ చేశారు. కెర్నల్ ఇచ్చేది కారణం ఒక్కటే, మిగతా కథంతా కాల్ చేసిన చోట మాత్రమే ఉంటుంది, అక్కడ పట్టుకోకపోతే తర్వాత ఎవరూ పట్టుకోలేరు. అది ఎలా పట్టుకోవాలో చూద్దాం. ఎక్కువగా లినక్స్, సీ భాష మీదే చెప్తా, ఎందుకంటే పైథాన్ ఐనా గో ఐనా రస్ట్ ఐనా అడుగున జరిగేది అదే, చివర్లో ఒక్కో భాషలో ఏం దొరుకుతుంది, ఏం దొరకదు అనేది కూడా చెప్తా.

కెర్నల్ ఇచ్చేది ఒక్క నంబరే

64 బిట్ ఇంటెల్, ఏఎండీ మెషీన్ల మీద లినక్స్‌లో సిస్టమ్ కాల్, అంటే ప్రోగ్రామ్ కెర్నల్‌ని అడిగిన పని, తిరిగొచ్చాక ఆర్‌ఏఎక్స్ రిజిస్టర్‌లో ఒక విలువ ఉంటుంది. అది -1 నుంచి -4095 మధ్యలో ఉంటే ఫెయిలైనట్టు. -2 ఉంటే ఈనోఎంట్, అంటే ఆ పేరుతో ఏదీ లేదు. -13 ఉంటే ఈయాక్సెస్, పర్మిషన్ లేదు. సీ లైబ్రరీ ఆ నంబర్ తీసుకుని మైనస్ తీసేసి ఎర్నో అనే వేరియబుల్‌లో పెట్టి మనకి -1 ఇస్తుంది. అంతే, ఇంకేం లేదు. పాత్‌లో ఏ ముక్క దగ్గర ఆగిపోయింది, ఏ రూల్ అడ్డం పడింది, అసలు ఏ కాల్ ఫెయిలైంది, ఇవేవీ ఆ నంబర్‌లో ఉండవు.

ఎర్నో ఒకప్పుడు మామూలు గ్లోబల్ వేరియబుల్, ఇప్పుడు ఒక్కో థ్రెడ్‌కి ఒక్కోటి ఉంటుంది, జీలిబ్‌సీలో (లినక్స్‌లో మామూలుగా ఉండే సీ లైబ్రరీ) ఐతే అది ఒక మాక్రో, వెనక ఒక ఫంక్షన్ ఈ థ్రెడ్ తాలూకు ఎర్నో అడ్రస్ ఇస్తుంది. అందుకే ఎక్స్‌టర్న్ ఇంట్ అని పెట్టి మీరే డిక్లేర్ చేసుకునే పాత అలవాటు మానేయండి, ఎర్నో హెడర్ ఫైల్ ఇన్‌క్లూడ్ చేసుకుంటే చాలు.

ఎర్నో ఎప్పుడు చదవాలి, ఎప్పుడు చదవకూడదు

మొదటి సంగతి, రిటర్న్ విలువ చూసి ఫెయిలైందని తేలకుండా ఎర్నో జోలికే పోవద్దు. సక్సెస్ అయిన కాల్ ఎర్నోని సున్నా చేయదు, ఏ లైబ్రరీ ఫంక్షనూ దాన్ని సున్నాకి సెట్ చేయదని స్టాండర్డే చెప్తుంది, కాబట్టి ఎప్పుడో జరిగిన పాత ఫెయిల్యూర్ నంబర్ అందులో అలాగే కూర్చుని ఉండొచ్చు. ఇంకో చిక్కు కూడా ఉంది, మీరు పిలిచిన ఫంక్షన్ సక్సెస్ అయినా లోపల్లోపల అది ఇంకేదో ట్రై చేసి ఫెయిలై ఎర్నోని మార్చి ఉండొచ్చు. "ఇనప్రాప్రియేట్ ఐఓకంట్రోల్ ఫర్ డివైస్" అనే మెసేజ్ చూసి బుర్ర గోక్కున్నవాళ్ళు చాలామంది ఉంటారు. అది నంబర్ 25, ఈనాట్‌టీటీవై. కొన్ని రన్‌టైమ్‌లు ఫైల్ ఓపెన్ అవ్వగానే ఇది టెర్మినలా కాదా అని ఒక ఐఓకంట్రోల్ (డివైస్‌ని ప్రశ్నలడిగే) కాల్ చేసి చూస్తాయి, మామూలు ఫైల్ కాబట్టి కాదని ఈ ఎర్రర్ వస్తుంది, అది వాటికి మామూలే, పట్టించుకోవు. కానీ నంబర్ మాత్రం ఎర్నోలో మిగిలిపోతుంది, తర్వాత మీ కోడ్ ఏదో వేరే కండిషన్ ఫెయిలై, ఉదాహరణకి ఫైల్‌లో డేటా ఫార్మాట్ బాగోలేక, ఎర్నో మెసేజ్ అతికించి ప్రింట్ చేస్తే ఇది బయటికొస్తుంది. దానికీ మీ సమస్యకీ ఏ సంబంధం లేదు. లాగ్‌లో ఈ మెసేజ్ కనిపిస్తే, ఐఓకంట్రోల్ మీరు చేయకపోతే, ఎర్నోని తప్పు చోట చదివారని దాదాపు ఖాయం చేసుకోవచ్చు.

దీనికి తమ్ముడు లాంటిది "రైట్ ఫెయిల్డ్: సక్సెస్". రైట్ కాల్‌కి 8192 బైట్లు ఇస్తే 4096 మాత్రమే రాసి వచ్చిందనుకోండి, అది ఎర్రర్ కాదు, తక్కువ రాసింది అంతే, మిగిలింది మళ్ళీ రాయాలి. దాన్ని ఎర్రర్‌గా లెక్కేసి ఎర్నో ప్రింట్ చేస్తే, పాత ఫెయిల్యూర్ ఏదీ మిగిలి లేకపోతే, సున్నా ఉంటుంది, సున్నాకి మెసేజ్ సక్సెస్. చదివేవాడికి ఏం అర్థమవుతుంది మరి.

రెండో సంగతి, ఫెయిలైందని తెలిసిన మరుక్షణం ఎర్నోని ఒక లోకల్ వేరియబుల్‌లోకి కాపీ చేసేయండి. లాగ్ ఫంక్షన్ పిలవడం, ఇంకో ఫైల్ క్లోజ్ చేయడం, ఆఖరికి ప్రింట్‌ఎఫ్ కూడా ఎర్నోని మార్చగలవు. క్లీనప్ అంతా ముందు చేసి ఆ తర్వాత ఎర్నో చూసే కోడ్ ఎక్కడ చూసినా ఉంటుంది, టెస్ట్‌లో పనిచేస్తుంది కూడా, క్లీనప్‌లో ఏదైనా ఫెయిలైన రోజున మాత్రం అసలు కారణం పోయి క్లీనప్ కారణం లాగ్‌లోకి వస్తుంది. సిగ్నల్ హ్యాండ్లర్ (నడుస్తున్న కోడ్‌ని మధ్యలో ఆపి రన్ అయ్యే ఫంక్షన్) రాస్తే అందులో మొదటి లైన్ ఎర్నో సేవ్ చేయడం, ఆఖరి లైన్ తిరిగి పెట్టడం ఉండాలి, లేకపోతే మెయిన్ కోడ్‌లో కాల్ ఫెయిలైన లైనుకీ ఎర్నో చదివే లైనుకీ మధ్యలో సిగ్నల్ దూరి నంబర్ మార్చేస్తుంది, అలాంటి బగ్ మళ్ళీ రిప్రొడ్యూస్ చేయడం ఎవరి తరమూ కాదు.

మూడో సంగతి, అందరూ ఒకే పద్ధతిలో ఎర్రర్ చెప్పరు. ఇక్కడ కొంచెం ఓపిగ్గా మ్యాన్ పేజీ చదవాల్సిందే. థ్రెడ్లు నడిపే పీథ్రెడ్ ఫంక్షన్లు ఎర్నోని పెట్టవు, ఎర్రర్ నంబర్‌నే నేరుగా రిటర్న్ చేస్తాయి, కొత్త ప్రాసెస్ మొదలుపెట్టే పాసిక్స్ స్పాన్ కూడా అంతే (పాసిక్స్ అంటే యూనిక్స్ రకం సిస్టమ్‌ల స్టాండర్డ్), వాటిని -1 తో పోల్చి చూస్తే ఎప్పటికీ ఫెయిల్ అవ్వనట్టే కనిపిస్తాయి. హోస్ట్ పేరుకి అడ్రస్ వెతికే గెట్‌అడ్రస్‌ఇన్‌ఫోకి దాని సొంత నంబర్లు, సొంత మెసేజ్ ఫంక్షన్ ఉన్నాయి, ఈఏఐ సిస్టమ్ అనే ఒక్క కేసులో మాత్రమే ఎర్నో చూడమంటుంది. ఫైల్‌ని మెమరీలోకి మ్యాప్ చేసే ఎంమ్యాప్ ఫెయిలైతే నల్ రాదు, మ్యాప్ ఫెయిల్డ్ అనే విలువ వస్తుంది, అది పాయింటర్‌గా మార్చిన -1. డైరెక్టరీలో పేర్లు ఒక్కొక్కటే ఇచ్చే రీడ్‌డిర్ ఐతే డైరెక్టరీ అయిపోయినా నల్లే, ఎర్రర్ వచ్చినా నల్లే, తేడా తెలియాలంటే పిలిచే ముందు మీరే ఎర్నోని సున్నా చేసి తర్వాత చూడాలి. స్ట్రింగ్‌ని నంబర్‌గా మార్చే స్ట్రటాల్ దగ్గర, ప్రాసెస్ ప్రయారిటీ చెప్పే గెట్‌ప్రయారిటీ దగ్గర కూడా ఇదే పని, రెండోదానికి -1 అనేది సరైన జవాబే అవ్వొచ్చు కాబట్టి. 2019లో లినక్స్ 5.1తో వచ్చిన ఐఓ యూరింగ్ (కాల్స్‌ని క్యూలో పెట్టి ఫలితం తర్వాత తీసుకునే పద్ధతి) వాడుతుంటే కంప్లీషన్ ఎంట్రీలోనే నెగెటివ్ నంబర్ వస్తుంది, అక్కడ ఆ కాల్ కోసం ఎర్నో చూస్తే ఏమీ ఉండదు.

మెసేజ్‌లో ఏం ఉండాలి

నా లెక్క ప్రకారం నాలుగు విషయాలు: ఏ ప్రోగ్రామ్, ఏం పని చేయబోయింది, దేని మీద, కెర్నల్ ఏమంది. ఉదాహరణకి

బ్యాకప్: స్నాప్‌షాట్ రాయడానికి '/డేటా/స్నాప్/ఇండెక్స్.టెంప్' ఓపెన్ చేయలేకపోయాం: పర్మిషన్ డినైడ్ (ఈయాక్సెస్)

ఇది చదివినవాడు కోడ్ చూడకుండానే పని మొదలుపెట్టొచ్చు. పాత్ చుట్టూ కోట్స్ ఊరికే పెట్టలేదు, కాన్ఫిగ్ నుంచి వచ్చిన పాత్ చివర ఒక స్పేసో కొత్త లైనో అంటుకుని ఉంటే కోట్స్ లేకుండా జన్మలో కనిపించదు, ఖాళీ స్ట్రింగ్ వచ్చినా అంతే. రిలేటివ్ పాత్ ఐతే కరెంట్ డైరెక్టరీ కూడా చెప్తే మంచిది, సర్వీస్‌లా రన్ అయ్యే ప్రోగ్రామ్ ఏ డైరెక్టరీలో నిలబడి ఆ పాత్ వెతుకుతుందో చాలాసార్లు ఎవరికీ గుర్తుండదు. రీనేమ్, లింక్ లాంటి కాల్స్‌కి రెండు పాత్‌లు ఉంటాయి, రెండూ చెప్పండి. కనెక్ట్ ఐతే అడ్రస్, పోర్ట్ రెండూ. ఓపెన్ ఐతే చదవడానికా రాయడానికా అనేది కూడా, ఎందుకంటే రీడ్ ఓన్లీ ఫైల్ సిస్టమ్ ఎర్రర్, నంబర్ 30, రాయడానికి ఓపెన్ చేస్తేనే వస్తుంది, మోడ్ తెలియకపోతే చదివేవాడు తికమకపడతాడు.

ఈయాక్సెస్ లాంటి సింబల్ పేరు కూడా ఎందుకంటే, ఎర్నో నంబర్‌ని వాక్యంగా మార్చే స్ట్రెర్రర్ ఇచ్చే వాక్యం లొకేల్ బట్టి మారుతుంది, యూజర్ మెషీన్ ఏ భాషలో ఉంటే ఆ భాషలో వస్తుంది, అప్పుడు లాగ్‌లో గ్రెప్ కొట్టడం కష్టం. పోనీ నంబర్ పెడదామంటే అది కూడా సిస్టమ్‌ని బట్టి మారుతుంది, ఈఎగైన్ (ఇప్పుడు కాదు, మళ్ళీ ట్రై చేయి) లినక్స్‌లో 11, మ్యాక్‌లో 35, కనెక్షన్ రిఫ్యూజ్డ్ లినక్స్‌లో 111, మ్యాక్‌లో 61. పేరు ఒక్కటే ఎక్కడైనా ఒకటి. జీలిబ్‌సీ 2.32 నుంచి నంబర్ ఇస్తే పేరు ఇచ్చే ఫంక్షన్ ఉంది, స్ట్రెర్రర్‌నేమ్ ఎన్‌పీ అని, చివర్లో ఎన్‌పీ అంటే వేరే చోట్ల ఉంటుందని గ్యారంటీ లేదని. అది లేని చోట ఒక చిన్న టేబుల్ మీరే రాసుకోవచ్చు, పెద్ద పనేం కాదు.

సీలో ఎర్నో వాక్యం ప్రింట్ చేసే పెర్రర్ అందరికీ తెలిసిందే కానీ దాన్ని "ఓపెన్" అనే మాటతో పిలిచి వదిలేస్తారు, అప్పుడు "ఓపెన్: నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ" అని వస్తుంది, మళ్ళీ ఏ ఫైలో తెలీదు. పెర్రర్‌కి ఒక్క స్ట్రింగే ఇవ్వగలం, ఫార్మాట్ లేదు. బీఎస్‌డీ నుంచి వచ్చిన ఎర్, వార్న్ ఫంక్షన్లు దీనికంటే చాలా నయం, జీలిబ్‌సీలోనూ మ్యాక్‌లోనూ ఉన్నాయి, ప్రింట్‌ఎఫ్ లాగా ఫార్మాట్ తీసుకుంటాయి, ప్రోగ్రామ్ పేరు ముందు, ఎర్నో వాక్యం వెనక అవే పెడతాయి. జీలిబ్‌సీ ప్రింట్‌ఎఫ్‌లో పర్సెంట్ ఎం అని రాస్తే ఎర్నో వాక్యం అదే వచ్చి కూర్చుంటుంది, సిస్టమ్ లాగ్‌కి రాసే సిస్‌లాగ్‌లో ఐతే ఇది మొదట్నుంచీ ఉంది.

థ్రెడ్లలో వాడుకునే స్ట్రెర్రర్ రకం, స్ట్రెర్రర్‌ఆర్ గురించి ఒక హెచ్చరిక. ఒకే పేరుతో రెండు ఫంక్షన్లు ఉన్నాయి, పాసిక్స్ రకం ఇంట్ రిటర్న్ చేసి మీ బఫర్ నింపుతుంది, జీఎన్‌యూ రకం స్ట్రింగ్ పాయింటర్ రిటర్న్ చేస్తుంది, మీ బఫర్‌ని ముట్టుకోకపోవచ్చు కూడా. ఏది వస్తుందనేది ఫీచర్ మాక్రోల మీద ఉంటుంది. రిటర్న్ విలువ పట్టించుకోకుండా బఫర్ ప్రింట్ చేస్తే జీఎన్‌యూ రకంలో చెత్త ప్రింట్ అవ్వొచ్చు. ఇంత చిన్న పనికి ఇంత గందరగోళం ఎందుకు పెట్టారో గానీ, ప్రాజెక్ట్‌లో ఒకే చోట దీన్ని చుట్టేసి మిగతా అంతా ఆ చుట్టు ఫంక్షన్నే పిలవండి.

ఇంకోటి, మెసేజ్ స్టాండర్డ్ ఎర్రర్‌కి వెళ్ళాలి, స్టాండర్డ్ ఔట్‌పుట్‌కి కాదు. ఎగ్జిట్ కోడ్‌గా ఎర్నో నంబర్ ఇచ్చే వాళ్ళు కూడా ఉన్నారు, వద్దు, షెల్‌కి ఆ నంబర్లు అర్థం కావు, అక్కడ 126 అంటే రన్ చేయలేకపోయాం, 127 అంటే కమాండ్ దొరకలేదు అని వేరే అర్థాలున్నాయి.

ఎవరు రిపోర్ట్ చేయాలి

లైబ్రరీ ఫంక్షన్ ప్రింట్ చేయకూడదు, పైకి అందించాలి, ఎందుకంటే ఇది నిజంగా సమస్యా కాదా అనేది పిలిచినవాడికే తెలుసు. కాన్ఫిగ్ ఫైల్ లేకపోతే డిఫాల్ట్ విలువలు తీసుకుందాం అనుకునే ప్రోగ్రామ్‌కి ఈనోఎంట్ అసలు ఎర్రరే కాదు, అక్కడ లైబ్రరీ తొందరపడి లాగ్‌లో అరిస్తే యూజర్ ఊరికే కంగారు పడతాడు. కిందనుంచి పైకి వెళ్ళేకొద్దీ ఒక్కో లెవెల్ తనకి తెలిసిన ముక్క జోడించాలి, కింద వాడికి పాత్ తెలుసు, పైవాడికి ఆ పాత్ ఎందుకు కావాలో తెలుసు, ఆఖరున ఒకే ఒక్కచోట ఒకే ఒక్కసారి ప్రింట్ అవ్వాలి. ప్రతి లెవెల్‌లోనూ లాగ్ చేసి మళ్ళీ పైకి విసిరితే ఒక్క ఫెయిల్యూర్‌కి అయిదు ఎర్రర్ లైన్లు పడతాయి, వాటిలో ఏది అసలుదో వెతుక్కోవాలి.

అసలు చెప్పాల్సిన అవసరమే లేనివి కూడా కొన్ని ఉన్నాయి. ఈఇంటర్ అంటే మధ్యలో సిగ్నల్ వచ్చింది, రీడ్, రైట్ లాంటివాటికి మళ్ళీ ట్రై చేయాలి, యూజర్‌కి చెప్పేదేం లేదు. కానీ లినక్స్‌లో క్లోజ్‌కి ఈఇంటర్ వస్తే మాత్రం మళ్ళీ క్లోజ్ చేయొద్దు, డిస్క్రిప్టర్ (ఓపెన్ చేసిన ఫైల్‌కి కెర్నల్ ఇచ్చే నంబర్) అప్పటికే వదిలేసి ఉంటుంది, ఈలోపు ఇంకో థ్రెడ్ అదే నంబర్‌తో ఏదో ఓపెన్ చేసి ఉంటే మీరు వాళ్ళది మూసేస్తారు. ఈఎగైన్ అంటే నాన్ బ్లాకింగ్‌లో (ఆగకుండా వెంటనే తిరిగొచ్చే మోడ్) ఇంకా రెడీ కాలేదు అని, అంతే. ఫైల్ డిలీట్ చేయబోతే అది ముందే లేదంటే మీకు కావాల్సింది అయినట్టే. డైరెక్టరీ క్రియేట్ చేయబోతే ఈఎగ్జిస్ట్ వచ్చిందంటే పర్లేదు అనుకుని వదిలేస్తారు, అక్కడ మాత్రం ఒక్క చూపు చూడండి, ఆ పేరుతో ఉన్నది డైరెక్టరీ కాకుండా మామూలు ఫైల్ ఐనా అదే ఎర్రర్ వస్తుంది. అవుట్‌పుట్‌ని హెడ్ కమాండ్‌కి పైప్ చేసినప్పుడు వచ్చే ఈపైప్ కూడా గోల చేయాల్సింది కాదు, అవతలివాడికి చాలు అనిపించి వెళ్ళిపోయాడు, మనమూ నిశ్శబ్దంగా బయటికి రావడమే.

నంబర్ నిజమే చెప్తుంది, అర్థం మాత్రం వేరు

కొన్ని ఎర్రర్లు చూడగానే అబద్ధంలా అనిపిస్తాయి. వీటి దగ్గర మెసేజ్‌లో ఒక సూచన జోడిస్తే చదివేవాడికి గంటలు మిగులుతాయి.

స్క్రిప్ట్ ఉంది, ఎల్ఎస్ కొడితే కనిపిస్తుంది, రన్ చేస్తే "నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ". ప్రోగ్రామ్‌ని రన్ చేసే ఎగ్జెక్ కాల్ లేదన్నది స్క్రిప్ట్ గురించి కాదు, మొదటి లైన్‌లో హ్యాష్ బ్యాంగ్ తర్వాత రాసిన ఇంటర్‌ప్రెటర్ గురించి. విండోస్‌లో సేవ్ చేసిన ఫైల్ ఐతే ఆ లైన్ చివర క్యారేజ్ రిటర్న్ అంటుకుని ఉంటుంది, అప్పుడు కెర్నల్ ఆ క్యారెక్టర్‌తో సహా ఆ పేరు కోసం వెతుకుతుంది. బైనరీకి కూడా ఇదే, దానికి కావాల్సిన డైనమిక్ లోడర్ ఆ సిస్టమ్‌లో లేకపోతే ఈనోఎంట్. ఎగ్జెక్‌కి ఈనోఎంట్ వచ్చినప్పుడు ఫైల్ నిజంగా ఉందో లేదో ఒకసారి చూసి, ఉంటే "ఇంటర్‌ప్రెటర్ లేదా లోడర్ లేదేమో" అని మెసేజ్‌లో రాయండి.

డిస్క్ సగం ఖాళీగా ఉన్నా "నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్" వస్తుంది, నంబర్ 28. ఐనోడ్‌లు (ఒక్కో ఫైల్‌కి ఫైల్ సిస్టమ్‌లో ఒక్కోటి కావాల్సిన రికార్డులు) అయిపోయి ఉండొచ్చు. లేదా మీరు పిలిచింది ఫైళ్ళలో మార్పుల్ని గమనించే ఐనోటిఫై యాడ్ వాచ్ అయితే యూజర్‌కి ఉన్న వాచ్‌ల లిమిట్ దాటింది, దానికి కూడా కెర్నల్ ఇదే నంబర్ ఇస్తుంది, డిస్క్‌తో సంబంధమే లేదు. ఏ కాల్ ఫెయిలైందో మెసేజ్‌లో ఉండాలి అనడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం దొరకదు.

ఈయాక్సెస్ వస్తే ఫైల్ పర్మిషన్ చూసి బాగానే ఉందే అనుకుంటారు, తీరా చూస్తే పైనున్న ఏదో డైరెక్టరీకి ఎగ్జిక్యూట్ బిట్ (దాని లోపలికి వెళ్ళే పర్మిషన్) లేదు. ఈఎంఫైల్, నంబర్ 24, ఓపెన్ ఫైళ్ళకి ఈ ప్రాసెస్ లిమిట్ దాటింది, ఈఎన్‌ఫైల్, 23, సిస్టమ్ మొత్తం లిమిట్ దాటింది, వాక్యాలు దగ్గర దగ్గరగా ఉంటాయి, పరిష్కారం వేరే. ఈఇన్‌వాల్, 22, అన్నిటికంటే పనికిమాలినది, ఆర్గ్యుమెంట్లలో ఏదో బాగోలేదు అంటుంది, ఏదో చెప్పదు, కాబట్టి అది వచ్చినప్పుడు మీరు పంపిన ఆర్గ్యుమెంట్ల విలువలన్నీ లాగ్ చేయడం తప్ప దారి లేదు.

ఆలస్యంగా వచ్చే ఎర్రర్లు

ఇది ఎక్కువమంది వదిలేసే చోటు. రైట్ సక్సెస్ అయిందంటే డేటా కెర్నల్ క్యాష్‌లోకి వెళ్ళింది అని మాత్రమే, డిస్క్ మీదకి వెళ్ళిందని కాదు. అసలు ఎర్రర్ తర్వాత, డేటాని డిస్క్ మీదకి పంపించే ఎఫ్‌సింక్‌లోనో, నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్ ఐతే క్లోజ్‌లోనో బయటపడుతుంది. క్లోజ్ రిటర్న్ విలువ చూడకపోతే ఆ వార్త మీకు అందదు. ఎఫ్‌సింక్ ఫెయిలైతే మళ్ళీ ఎఫ్‌సింక్ చేసి సక్సెస్ వచ్చింది కదా అని ముందుకి పోవడం కూడా ప్రమాదమే, లినక్స్‌లో మొదటి ఫెయిల్యూర్ తర్వాత క్యాష్‌లోని ఆ పేజీల్ని క్లీన్ (రాయాల్సింది ఏమీ లేదు) అని మార్క్ చేసేసి ఉండొచ్చు, రెండో కాల్‌కి రాయడానికి ఏమీ కనిపించదు, సక్సెస్ అంటుంది, డేటా మాత్రం పోయింది. 2018లో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డేటాబేస్ వాళ్ళు దీని మీద పెద్ద చర్చే చేసి, ఆ తర్వాత ఎఫ్‌సింక్ ఫెయిలైతే సర్వర్‌ని ప్యానిక్ చేయించి (వెంటనే ఆపేసి) రైట్ అహెడ్ లాగ్ నుంచి, అంటే మార్పులు ముందే రాసిపెట్టుకున్న ఫైళ్ళ నుంచి, రికవర్ అయ్యేలా మార్చారు.

స్టాండర్డ్ ఔట్‌పుట్‌కి రాయడం కూడా ఈ కోవలోదే. ప్రింట్‌ఎఫ్ బఫర్‌లో పెట్టి సక్సెస్ అంటుంది, ప్రోగ్రామ్ అయిపోయేటప్పుడు ఫ్లష్ ఫెయిలైతే ఎవరూ చూడరు, ఎగ్జిట్ కోడ్ సున్నా. లినక్స్‌లో డెవ్ డైరెక్టరీలో ఫుల్ అనే డివైస్ ఉంది, దానికి ఏం రాసినా డిస్క్ నిండిపోయింది అంటుంది, మీ ప్రోగ్రామ్ ఔట్‌పుట్‌ని దానికి మళ్ళించి ఎగ్జిట్ కోడ్ చూడండి. సీలో ఐతే మెయిన్ చివర స్టాండర్డ్ ఔట్‌పుట్‌ని ఎఫ్‌ఫ్లష్ చేసి రిజల్ట్ చూడాలి.

ఫోర్క్ చేసి (ప్రాసెస్‌కి చైల్డ్ అనే కాపీ తీసి) అందులో ఎగ్జెక్ చేసే చోట ఇంకో తంటా, ఎగ్జెక్ ఫెయిలయ్యేది చైల్డ్‌లో, చెప్పాల్సింది పేరెంట్. చైల్డ్‌లో ప్రింట్ చేసి 127తో బయటికొస్తే పేరెంట్‌కి కారణం తెలీదు. సరైన పద్ధతి ఒక పైప్ తెరిచి రాసే వైపు క్లోజ్ ఆన్ ఎగ్జెక్ పెట్టడం. ఎగ్జెక్ సక్సెస్ అయితే పైప్ దానంతటదే మూసుకుంటుంది, పేరెంట్‌కి ఎండ్ ఆఫ్ ఫైల్ కనిపిస్తుంది, ఫెయిలైతే చైల్డ్ ఎర్నోని అందులో రాసి అండర్‌స్కోర్ ఎగ్జిట్‌తో చచ్చిపోతుంది, పేరెంట్ చదువుకుని తన ఎర్రర్‌లాగే రిపోర్ట్ చేస్తుంది. పైథాన్ సబ్‌ప్రాసెస్, గో రన్‌టైమ్ రెండూ లోపల చేసేది ఇదే.

ఒక్కో భాషలో ఏం చూసుకోవాలి

పెర్ల్ దగ్గర డాలర్ ఆశ్చర్యార్థకం ఉంది, నంబర్‌లా వాడితే ఎర్నో, స్ట్రింగ్‌లా వాడితే వాక్యం, ఇంత సుఖం ఇంకే భాషలోనూ లేదు. ఓపెన్ చేసి ఆర్ డై అని రాసి పాత్, ఈ వేరియబుల్ రెండూ పెడితే చాలు. ఆర్ బదులు రెండు నిలువు గీతలు పెడితే మాత్రం, బ్రాకెట్లు లేనప్పుడు, అది ఫైల్ పేరుకి అతుక్కుంటుంది, డై ఎప్పటికీ రన్ అవ్వదు.

పైథాన్‌లో అన్నీ ఓఎస్‌ఎర్రర్ కిందకి వస్తాయి, 3.3 నుంచి ఐఓఎర్రర్ లాంటి పాత పేర్లు కూడా దీనికి మారుపేర్లే, కింద ఫైల్‌నాట్‌ఫౌండ్‌ఎర్రర్, పర్మిషన్‌ఎర్రర్ లాంటి పిల్ల క్లాసులున్నాయి, మెసేజ్ స్ట్రింగ్‌ని వెతక్కుండా వాటిని పట్టుకోండి. 3.5 నుంచి ఈఇంటర్‌కి అదే మళ్ళీ ట్రై చేస్తుంది. ఓపెన్ ఫెయిలైతే పాత్ ఎక్సెప్షన్‌లోనే వస్తుంది, కానీ సాకెట్ కనెక్ట్ ఫెయిలైతే "కనెక్షన్ రిఫ్యూజ్డ్" అని మాత్రమే, ఎవరికి కనెక్ట్ అవ్వబోయామో ఉండదు, అది మీరే జోడించాలి. సొంత ఎక్సెప్షన్ రైజ్ చేసేటప్పుడు ఫ్రమ్ అని పెట్టి పాతదాన్ని తగిలించడం మర్చిపోవద్దు. సీటైప్స్‌తో సీ ఫంక్షన్ పిలిస్తే లైబ్రరీ లోడ్ చేసేటప్పుడే యూజ్ ఎర్నో ఆన్ చేసి, తర్వాత సీటైప్స్ వాళ్ళ గెట్ ఎర్నోతో చదవాలి, లేకపోతే ఇంటర్‌ప్రెటర్ మధ్యలో చేసిన కాల్స్ నంబర్‌ని తొక్కేస్తాయి.

గోలో పాత్‌ఎర్రర్‌లో ఏ పని, ఏ పాత్, అసలు ఎర్రర్ మూడూ ఉంటాయి. అందుకే దాన్ని చుట్టేటప్పుడు మళ్ళీ పాత్ రాయకండి, ఒకే పాత్ మూడుసార్లు ఉన్న మెసేజ్‌లు గో ప్రోగ్రాముల్లో కోకొల్లలు, మీరు ఎందుకు ఓపెన్ చేస్తున్నారో అది మాత్రం జోడించండి. 1.13 నుంచి పర్సెంట్ డబ్ల్యూతో చుట్టి ఎర్రర్స్ ఈజ్‌తో చూడాలి, పాత ఓఎస్ ఈజ్‌నాట్‌ఎగ్జిస్ట్ ఈ చుట్టు విప్పి చూడదు.

రస్ట్‌లో దీనికి పూర్తి రివర్స్. ఫైల్ ఓపెన్ ఇచ్చే ఎర్రర్‌లో పాత్ ఉండదు, "నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ (ఓఎస్ ఎర్రర్ 2)" అంతే. ప్రశ్న గుర్తు పెట్టి పైకి విసరడం ఎంత ఈజీనో అంతే ఈజీగా సమాచారం పోతుంది. ఎనీహౌ క్రేట్‌లో (క్రేట్ అంటే రస్ట్ లైబ్రరీ) విత్ కాంటెక్స్ట్ వాడండి, లేదా ఎఫ్ఎస్ ఎర్ అనే క్రేట్ స్టాండర్డ్ ఫైల్ ఫంక్షన్లకి పాత్ తగిలించి ఇస్తుంది.

నోడ్‌లో ఎర్రర్ ఆబ్జెక్ట్‌కి కోడ్, సిస్‌కాల్, పాత్ అనే ప్రాపర్టీలు ఉంటాయి, కోడ్‌లో ఈనోఎంట్ లాంటి పేరు ఉంటుంది, పోల్చడానికి అదే వాడండి. జావాలో పాత ఫైల్‌ఇన్‌పుట్‌స్ట్రీమ్ పర్మిషన్ లేకపోయినా ఫైల్‌నాట్‌ఫౌండ్‌ఎక్సెప్షనే ఇస్తుంది, కారణం బ్రాకెట్లో స్ట్రింగ్‌గా ఉంటుంది. జావా 7లో వచ్చిన ఫైల్స్ క్లాస్ వాడితే నోసచ్‌ఫైల్‌ఎక్సెప్షన్, యాక్సెస్‌డినైడ్‌ఎక్సెప్షన్ అని విడివిడిగా వస్తాయి, కానీ వాటి గెట్‌మెసేజ్ చాలాసార్లు ఉత్త పాత్ మాత్రమే ఇస్తుంది. మెసేజ్ ఒక్కటే లాగ్ చేస్తే "ఎర్రర్: /డేటా/ఎక్స్" అని పడుతుంది, కారణం క్లాస్ పేరులో ఉండిపోయింది. మొత్తం ఎక్సెప్షన్‌ని లాగర్‌కి ఇవ్వండి.

రాసిన మెసేజ్ పనిచేస్తుందో లేదో చూడటం

ఎర్రర్ దారులు మామూలుగా రన్ అవ్వవు, అందుకే వాటిలోనే బగ్‌లు ఎక్కువ. డిస్క్ నిండేదాకా ఆగక్కర్లేదు, ప్రోగ్రామ్ చేసే సిస్టమ్ కాల్స్ చూపించే ఎస్‌ట్రేస్‌లో ఇంజెక్ట్ అనే ఆప్షన్ ఉంది, ఫలానా కాల్‌కి ఫలానా ఎర్రర్ ఇవ్వు అంటే కాల్ జరక్కుండానే ప్రోగ్రామ్‌కి ఆ నంబర్ వెళ్తుంది, మూడోసారి పిలిచినప్పుడు మాత్రమే ఫెయిల్ చేయి అని కూడా చెప్పొచ్చు. ఓపెన్‌కి బదులు ఓపెన్‌యాట్ అని ఇవ్వాలి, ఇప్పటి లైబ్రరీలు ఎక్కువగా దాన్నే పిలుస్తాయి. ఫైల్ డిస్క్రిప్టర్లు అయిపోయిన సీన్ కావాలంటే షెల్‌లో యూలిమిట్ కమాండ్‌తో లిమిట్ పదికి దించి రన్ చేయండి. వేరేవాళ్ళ ప్రోగ్రామ్ "ఏదో తప్పు జరిగింది" అని మొహం చాటేస్తే ఎస్‌ట్రేస్‌కి పెద్ద జెడ్ ఆప్షన్ ఇస్తే ఫెయిలైన కాల్స్ మాత్రమే చూపిస్తుంది, లైబ్రరీలు వెతుక్కుంటూ వచ్చే ఈనోఎంట్‌లు బోలెడు ఉంటాయి, వాటిని దాటి చివర్నుంచి పైకి చదువుకుంటూ వెళ్ళండి, ప్రోగ్రామ్ చావడానికి కాస్త ముందున్న లైన్లలోనే సాధారణంగా అసలు పాత్, అసలు కారణం రెండూ పక్కపక్కనే దొరుకుతాయి.